హెడ్డు దించకుండా వాల్వ్ స్ప్రింగులు, సీళ్ళు మార్చుకోవడం: పాత పెట్రోల్ అంబాసిడర్‌కి గాలి పట్టించి

మా ఇంట్లో పెట్రోల్ అంబాసిడర్ ఇంకా తిరుగుతోంది. ఎనభైల్లో నాన్న కొన్నది, పాత 1489 సీసీ ఇంజనే, చుట్టుపక్కల అందరూ డీజిల్ ఎక్కించీసుకున్నప్పుడు కూడా నాన్న ఒప్పుకోలేదు. పోయినేడు ఒడిశాలోని జైపూర్‌లో పెళ్ళికెళ్ళి తిరిగొస్తూ సుంకి దాటి ఘాటీ దిగినంతసేపూ ఏ గొడవా లేదు, కింద సాలూరు వైపు రోడ్డు చదునవ్వగానే యాక్సిలేటర్ తొక్కానా, వెనకాల నీలం పొగ మబ్బులాగ లేచింది. వెనకొస్తున్న బైకు కుర్రోడు పక్కకొచ్చి అద్దం తట్టి మరీ "బండి అంటుకుందేటండీ" అని అడిగాడు. అంటుకోలేదు గానీ ఆయిల్ తాగుతోంది. విజయనగరం వచ్చి డిప్‌స్టిక్ తీస్తే కింద గీత దగ్గర తడి తప్ప ఏటీ లేదు.

దిగిపోయాక తొక్కినప్పుడు పొగొచ్చిందంటే అది చాలామట్టుకి వాల్వ్ సీళ్ళ పనే, అంటే వాల్వుల కాడల వెంట ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు ముక్కలు. ఘాటీ దిగేటప్పుడు కాలు యాక్సిలేటర్ మీద ఉండదు, కార్బరేటర్ మూసుకునుంటాది, ఇంజన్ మాత్రం గేర్లో గిర్రున తిరుగుతుంటాది, దాంతో ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో పీల్పు బాగా ఎక్కువైపోయి పైన వాల్వుల్ని నొక్కే రాకర్ల దగ్గరున్న ఆయిల్‌ని వాల్వ్ కాడ వెంట, ఆ కాడ ఆడే గొట్టం లాంటి గైడ్‌లోంచి లోపలికి లాగీస్తాది, కింద మనం తొక్కగానే అదంతా ఒక్కసారి కాలుతాది. పొద్దున్న స్టార్ట్ చెయ్యగానే ఒక ముద్ద పొగ వచ్చి ఆగిపోయినా సీళ్ళనే అనుమానించాలి, రాత్రంతా బొట్టు బొట్టుగా దిగుంటాది. అలా కాకుండా ఎక్కేటప్పుడు, లోడ్ మీద, ఆగకుండా పొగొస్తే పిస్టన్ రింగులు చూసుకోవాలి. రింగులు అరిగినోడు సీళ్ళు మార్చుకుంటే డబ్బులు పోవడమే తప్ప పొగ పోదు. అందుకే ముందు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో పుట్టే పీడనం, కొట్టించి చూడండి, నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటేనే ఈ పనికి దిగండి.

మా బండికి ఇంకో రోగం కూడా ఉంది. 70 దాటితే టాపెట్ కవర్ కింద టకటక మని ఒకటే మోత, పికప్ చచ్చిపోయేది. స్ప్రింగులు మెత్తబడితే ఇంతే, రాకర్ వదిలీసినా వాల్వు టైముకి వెనక్కొచ్చి కూర్చోలేదు. తర్వాత విప్పి చూస్తే ఒక స్ప్రింగు కింద చుట్టు దగ్గర విరిగి రెండు ముక్కలు ఒకదాన్లోకి ఒకటి దూరిపోయి ఉంది, అలాగే ఎన్నాళ్ళు తిప్పామో.

ఒక గ్యారేజీలో చూపిస్తే హెడ్డు, అంటే సిలిండర్ల మీది మూత, దించాలి, వారం బండి ఉంచీండి అన్నారు. హెడ్డు దించితే తప్పని కాదు, వాల్వులు కాలిపోయినా అవి కూర్చునే సీట్లు పోయినా దించే తీరాలి, గ్రైండింగ్ పైన కుదరదు కదా. కానీ ఒట్టి స్ప్రింగులకీ సీళ్ళకీ హెడ్డెందుకు, అవన్నీ పైనే కనిపిస్తున్నాయి, వాల్వు ఒక్కటీ లోపల పడిపోకుండా పట్టుకునేవాడుంటే చాలు. పైగా దసరా వెళ్ళిన మంగళవారం మా విజయనగరం పైడితల్లమ్మ పండగ సిరిమాను, ఇంటినిండా చుట్టాలు, వారం బండి లేకపోతే ఎలాగ. మా బామ్మర్దికి పంక్చర్ షాపుంది, గాలి మిషనుంది. ఇంక ఆలోచించలేదు.

ఈ పద్ధతిలో ఉన్నదల్లా ఒక్కటే. స్పార్క్ ప్లగ్ తీసీసి ఆ కన్నంలోంచి సిలిండర్లోకి గాలి పట్టిస్తే ఆ గాలి వాల్వుల్ని కింద నుంచి పైకి నొక్కి సీట్లకి అతికించీసి ఉంచుతాది. వాల్వు తల 33 మిల్లీమీటర్లు వెడల్పు అనుకోండి, వైశాల్యం ఎనిమిదిన్నర చదరపు సెంటీమీటర్లు, 90 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి ఆరు కిలోల పైనే, అంటే వాల్వుని యాభై కిలోల బలంతో పట్టుకున్నట్టు. స్ప్రింగు తీసీసినా అది కదలదు. బాగానే ఉంది. కానీ అదే గాలి పిస్టన్ని కూడా తోస్తాది మరి, దాని లెక్క కూడా చూడాలి. ఈ ఇంజన్ బోరు 73 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 42 చదరపు సెంటీమీటర్లు, ఆరుతో హెచ్చిస్తే 250 కిలోలు. పిస్టన్ నెత్తి మీద పాతిక కిలోల బియ్యం బస్తాలు పది ఒక్కసారి పడేసినట్టు. పిస్టన్ సరిగ్గా పై కొసన లేకుండా కొంచెం పక్కకున్నా క్రాంక్ గిర్రున తిరిగిపోతాది, అప్పుడు అక్కడ హ్యాండిలో పానాయో మీ చెయ్యో ఉంటే ఏమవుతాదో నేను చెప్పక్కర్లేదు. ఈ పనిలో ప్రమాదమంటూ ఉంటే ఇదే, మిగిలినవన్నీ ఓపిక గొడవలు.

పిస్టన్ అడుగున పెట్టుకుంటే తిరగదు కదా అని కొందరంటారు, నిజమే, అడుగునుంటే గాలి తోసినా ఎక్కడికీ పోదు. కానీ గాలి పోయిందనుకోండి, వాల్వు సర్రున సిలిండర్లోకి జారిపోతాది, ఇంక హెడ్డు దించడమే. పిస్టన్ పైనుంటే వాల్వు కొద్దిగా దిగి పిస్టన్ మీదే ఆగుతాది, వేళ్ళతో పైకి లాక్కోవచ్చు. మా పనిలో కరెంటు పోయింది, పిస్టన్ పైనుండబట్టి బతికిపోయాం, అది తర్వాత చెప్తాను.

సామాన్ల సంగతి. పంక్చర్ షాపు కంప్రెసర్ లాంటిది, ట్యాంకు ఉన్నది కావాలి, పీడనం తగ్గించుకునే రెగ్యులేటర్ ఉంటే మంచిది. కారు లైటర్ సాకెట్లో పెట్టి టైరుకి కొట్టుకునే చిన్న పంపులు పనికిరావు, ఎంత మంచి ఇంజనయినా రింగుల పక్కనుంచి కొంత గాలి కారుతూనే ఉంటాది, అది పోయినంత వేగంగా ఈ చిన్నవి ఇవ్వలేవు. ప్లగ్ కన్నానికి గాలి గొట్టం బిగించడానికి అడాప్టర్ కావాలి. కంప్రెషన్ గేజి గొట్టం ఉంటే అదే వాడుకోవచ్చు గానీ దాని కొసలో టైరు వాల్వులో ఉండే లాంటి పిన్ను ఉంటాది, అది గాలిని సిలిండర్ నుంచి గేజి వైపుకే వదులుతాది, తీసీకపోతే మీరు పెట్టే గాలి సిలిండర్లోకి వెళ్ళనే వెళ్ళదు. నేనైతే పాత ప్లగ్ ఒకటి తీసుకుని తెల్ల పింగాణీ పగలగొట్టి లోపలంతా ఖాళీ చేసి, లేత్ షాపులో దాని మీద గాలి నిపిల్ బ్రేజింగ్ చేయించాను. ప్లగ్ మర పొడుగు మీ బండి ప్లగ్గంతే ఉండాలి, పొడుగెక్కువైతే పై కొసనున్న పిస్టన్‌కి తగలొచ్చు.

స్ప్రింగు నొక్కే లివర్ విషయంలో అంబాసిడర్ వాళ్ళు ఆగి చదవండి, ఇక్కడే తెలియక హెడ్ గ్యాస్కెట్ పోగొట్టుకునేది. ఈ ఇంజన్లో రాకర్ షాఫ్టుని పట్టుకునే ఎనిమిది నట్లలో నాలుగు ఒట్టి రాకర్ నట్లు కావు, అవి హెడ్డు నట్లే. రాకర్లు తీసేమంటే హెడ్డుని ఒక వైపు వదిలీసినట్టే. అలా సగం వదిలిన హెడ్డు కింద 90 పీఎస్ఐ గాలి పెడితే గ్యాస్కెట్ ఏం కావాలి. అందుకని రెండు దార్లు. ఒకటి, షాఫ్టు కింద కాళ్ళలా ఉండే పెడెస్టల్ ఎత్తుకి సరిపోయేలా దళసరి ఇనప పైపు ముక్కలు నాలుగు కోయించి, ఆ నాలుగు స్టడ్లకీ తొడిగి, వాషరేసి నట్లు మళ్ళీ పూర్తిగా బిగించీడం. రెండోది నేను చేసింది, పాత ఇనప సామాన్ల షాపులో ఇదే ఇంజన్ రాకర్ షాఫ్టు అరిగిపోయింది ఒకటి దొరికింది, దాని రాకర్లన్నీ ఊడబీకి ఉత్త షాఫ్టూ పెడెస్టల్సూ ఉంచి అదే హెడ్డు మీద బిగించీశాను. హెడ్డు నట్లు హెడ్డు నట్లలాగే ఉన్నాయి, పైగా లివర్‌కి ఆనిక కూడా దొరికింది, షాఫ్టు కిందకి లివర్ కొస దూర్చి మధ్యలో గుర్రపునాడాలా ఉన్న భాగం స్ప్రింగు కప్పు మీద పెట్టి అవతలి కొస కిందకి నొక్కితే స్ప్రింగు మెత్తగా దిగుతాది. లివర్ కూడా అడుగున్నర ఇనప పట్టీతో వెల్డింగ్ షాపులో చేయించిందే.

ఇంక పని. ఇంజన్ పూర్తిగా చల్లారుండాలి, వేడి మీద హెడ్డు నట్లు ముట్టుకోవద్దు. బ్యాటరీ వైరు తీసీండి, చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. రేడియేటర్ నీళ్ళు సగానికి పైగా దించీండి, హెడ్డు నట్లు వదులు చేస్తాం కాబట్టి నీళ్ళు గ్యాస్కెట్ దాటి రావడానికి వీల్లేకుండా. ప్లగ్గుల చుట్టూ ఉన్న మట్టి గాలితో ఊదీసి అప్పుడు తీయండి, లేకపోతే ఆ ఇసకంతా సిలిండర్లోకే. టాపెట్ కవర్ తీశాక హెడ్డు నట్లన్నీ, పదకొండూ, చివర్ల నుంచి లోపలికి కొంచెం కొంచెంగా తిప్పుతూ వదులు చేసి అప్పుడు రాకర్ అసెంబ్లీ లేపండి. ఒక్కో నట్టూ పూర్తిగా విప్పుకుంటూ పోతే హెడ్డు వంకర పోతాది.

పుష్ రాడ్లు, అంటే కింద టాపెట్ల నుంచి రాకర్లని తోసే కడ్డీలు, తీసేటప్పుడు మెల్లగా అటూ ఇటూ తిప్పి లాగండి. ఆయిల్ జిగటకి కింద టాపెట్ కూడా రాడ్డుతో పాటు లేస్తాది, లేచి పక్కకి పడిందంటే ఇంజన్ పక్కనున్న కవర్లు విప్పి వెతుక్కోవాలి. ఎనిమిది రాడ్లూ ఏ కన్నంలోది ఆ కన్నంలోకే వెళ్ళాలి, అట్టపెట్టెకి ఎనిమిది కన్నాలు పెట్టి వరసగా గుచ్చి, రేడియేటర్ వైపు ఏదో బాణం గీసీండి. తర్వాత పుష్ రాడ్ కన్నాలూ ఆయిల్ దిగే కన్నాలూ అన్నీ గుడ్డ ముక్కలతో మూసీండి, ఎన్ని ముక్కలు పెట్టారో లెక్క రాసుకోండి. కాటన్ వేస్ట్ పెట్టొద్దు, దాని పీచు ఆయిల్ దార్లలోకి పోతాది. పాత నూలు లుంగీ ముక్కలు మంచివి.

పైన చెప్పిన పైపు ముక్కలో ఉత్త షాఫ్టో పెట్టి హెడ్డు నట్లన్నీ మళ్ళీ పూర్తిగా బిగించాక, ఇప్పుడు పిస్టన్ పైకి తేవాలి. ఇక్కడ చాలామంది కంప్రెషన్ స్ట్రోకా ఎగ్జాస్ట్ స్ట్రోకా అని బుర్ర పాడు చేసుకుంటారు, రాకర్లు తీసీశాక ఆ గొడవే లేదు, నొక్కేవాడు లేడు కాబట్టి అన్ని వాల్వులూ ఎప్పుడూ మూసే ఉంటాయి. పిస్టన్ పైనుందా లేదా అన్నదొకటే చూసుకోవాలి. ఒకటీ నాలుగూ కలిసి పైకొస్తాయి, అర చుట్టు తిప్పితే రెండూ మూడూ పైకొస్తాయి. అంటే రెండే రెండు పొజిషన్లలో నాలుగు సిలిండర్లూ అయిపోతాయి. అంబాసిడర్‌కి ముందు హ్యాండిల్ ఉంది కాబట్టి ప్లగ్గులు తీసీసి న్యూట్రల్‌లో తిప్పితే ఒంటి చేత్తో తిరుగుతాది. పుల్లీ మీద గుర్తుంది, దాంతో దగ్గరికి తెచ్చుకోండి, తర్వాత ప్లగ్ కన్నంలో మందంగా ఉన్న ప్లాస్టిక్ గొట్టమో నున్నటి వెదురు పుల్లో పెట్టి చూడండి. కొబ్బరీనె పెట్టొద్దు, కన్నం వాలుగా ఉంటాది, విరిగి లోపల పడితే మళ్ళీ అదో పని. పై కొసన పిస్టన్ కాసేపు కదిలినట్టే ఉండదు, హ్యాండిల్ కొంచెం తిరిగినా పుల్ల అక్కడే ఉంటాది, పుల్ల ఆగిన చోటికీ మళ్ళీ దిగడం మొదలెట్టిన చోటికీ సరిగ్గా మధ్యలో పెట్టుకోండి.

పెట్టుకున్నాక హ్యాండిల్ తీసీండి. తీసి దూరంగా గోడకి ఆనించీండి. గేర్ వెయ్యండి, టాప్ గేరు. ఫస్టు గేరు వేస్తే బండి గట్టిగా ఆగుతాది కదా అని మా బామ్మర్ది వాదించాడు, ఘాటీలో బండి దొర్లకుండా ఇంజన్ పట్టుకోవాలంటే ఫస్టే మంచిది నిజమే, కానీ ఇక్కడ ఇంజన్ తిరక్కుండా బండి పట్టుకోవాలి, లెక్క తిరగబడతాది, ఫస్టు గేర్లో ఇంజన్ తోపు చక్రాల దగ్గర ఎక్కువైపోతాది, టాప్‌లో తక్కువ. హ్యాండ్ బ్రేకు లాగి, ఫ్యాను దగ్గర ఎవర్నీ ఉండొద్దని చెప్పి, ముందు 20 పీఎస్ఐ మాత్రం ఇవ్వండి. క్రాంక్ కదిల్తే గాలి ఆపి, పీడనం పూర్తిగా వదిలి, గేర్ న్యూట్రల్ చేసి మళ్ళీ సర్దుకోండి. కదలకపోతే మెల్లగా 90 కి తీసుకెళ్ళండి.

గాలి పట్టాక ఒక నిముషం మాట్లాడకుండా వినండి. ఎక్కడినుంచి గాలి బుసకొడుతోందో దాన్నిబట్టి ఇంజన్ ఆరోగ్యం తెలిసిపోతాది. కార్బరేటర్లోంచి వస్తే ఇన్‌లెట్ వాల్వు సరిగ్గా కూర్చోలేదు, సైలెన్సర్లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూతలోంచి సన్నగా వస్తే రింగులు, సన్నగా రావడం మామూలే, ఊదినట్టు వస్తే మామూలు కాదు. రేడియేటర్లోంచి గాలి వచ్చినా పక్క ప్లగ్ కన్నంలోంచి వచ్చినా హెడ్ గ్యాస్కెట్ పోయింది, అప్పుడింక ఇక్కడితో ఆపీసి హెడ్డు దించుకోవడమే మంచిది.

వాల్వ్ లాకులు, అంటే స్ప్రింగు మీది కప్పుని కాడకి పట్టి ఉంచే చిన్న ముక్కలు, ఏళ్ళ తరబడి కప్పుకి పట్టేసి ఉంటాయి. లివర్ నొక్కగానే స్ప్రింగుతో పాటు వాల్వు కూడా దిగి గాలి బుస్సుమందంటే లాకులు వదల్లేదని అర్థం, బలవంతం చేయొద్దు. అందుకే గాలి పెట్టకముందే కప్పు మీద పెట్టడానికి సరిపోయే బాక్సు పానా తీసుకుని, అది కప్పు మీద మాత్రమే ఆని కాడకి తగలకుండా చూసి, పైన రబ్బరు సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యండి, టక్ మని వదులుతాయి. కొన్ని పాత సెట్లలో లాకుల చుట్టూ సన్న తీగ క్లిప్పుంటాది, ముందు అది తీసుకోవాలి. లివర్ నొక్కి పట్టుకోడానికి ఒకరు, లాకులు తియ్యడానికి ఒకరు ఉండాలి, ఒక్కడే చేద్దామనుకోవద్దు. కంటికి అద్దాలు పెట్టుకోండి. లాకులు చిన్న అయస్కాంతంతో తీయండి, ముక్కు పట్టకారుతో పడితే ఎగురుతాయి. మాకు ఒకటి ఎగిరింది, గంట సేపు వాకిలంతా చీపురు పెట్టి ఊడ్చాం, చివరికి మా అత్త కాలి చెప్పు కింద దొరికింది.

లాకులు రాగానే వాల్వ్ కాడ కొసకి ఒక రబ్బరు బ్యాండు గట్టిగా నాలుగు చుట్లు చుట్టీండి, గాలి పోయినా కాడ గైడ్ దాటి దిగదు. ఇది మర్చిపోవద్దు.

పాత స్ప్రింగు తీసి కొత్తదాని పక్కన గాజు పలక మీద నిలబెట్టి చూడండి. పాతది పొట్టిగా కనిపిస్తే మెత్తబడిందన్నమాట, నిలబెట్టినప్పుడు ఒక పక్కకి ఒరిగినా పనికిరాదు. ఒకటి మారిస్తే ఎనిమిదీ మార్చండి, మిగిలినవీ అంతే తిరిగాయి కదా. స్ప్రింగులో ఒక కొస చుట్లు దగ్గర దగ్గరగా ఉంటే ఆ కొస హెడ్డు వైపు కిందకి పోవాలి. కింద పళ్ళెం లాంటి వాషరుంటే స్ప్రింగుతో అంటుకుని వచ్చీసిందేమో చూసుకుని మళ్ళీ పెట్టండి.

స్ప్రింగు లేని ఈ టైములోనే గైడ్ చూసుకోవాలి, చాలామంది ఇది వదిలీస్తారు. గాలి పూర్తిగా ఆపి వాల్వుని పిస్టన్ మీదకి దిగనిచ్చి, కాడ పట్టుకుని పక్కకి ఊపండి. ఎంతో కొంత ఆట ఉంటాది, కానీ లూజు పంటిలాగ కొట్టుకుంటే గైడ్ అరిగిపోయింది, కొత్త సీలు పెట్టినా కొన్నాళ్ళకే కోసుకుపోతాది. మాకు ఎనిమిదింట్లో రెండు కొంచెం ఎక్కువే ఆడాయి, తెలిసే వదిలీశాను. చూసుకున్నాక వాల్వుని వేళ్ళతో పైకి లాగి పట్టుకుని మళ్ళీ గాలి ఇస్తే టప్ మని సీటుకి అతుక్కుంటాది.

ఈ ఇంజన్‌కి వచ్చే సీలు ఒట్టి రబ్బరు రింగు, లాకుల గాడికి కింద కాడ మీద కూర్చుంటాది. స్ప్రింగూ కప్పూ పెట్టి, లివర్ నొక్కి, అప్పుడు రింగు కాడ మీదకి తొయ్యాలి, ఆ తర్వాత లాకులు. ముందే రింగు తొడిగీసి దాని మీదుగా కప్పు దించితే చిరిగిపోతాది, చిరిగినట్టు కనపడదు కూడా, మళ్ళీ ఘాటీ దిగాకే తెలుస్తాది. రింగుల్ని ముందు రోజు రాత్రి ఇంజన్ ఆయిల్లో నానబెట్టండి. లాకులకి లోపల కొంచెం గ్రీజు రాస్తే కాడకి అంటుకుని ఉంటాయి. లివర్ మెల్లగా వదిలి, రెండు లాకులూ సమంగా కూర్చున్నాయా అని టార్చి వేసి చూసి, మీద గుడ్డ కప్పి కాడ కొస మీద రబ్బరు సుత్తితో చిన్నగా తట్టండి. సరిగ్గా కూర్చోనిది అప్పుడే ఊడి గుడ్డలో పడుతుంది.

మేం ఒకటీ నాలుగూ పూర్తి చేసి, అర చుట్టు తిప్పి, మూడోదానికి గాలి పెట్టి ఒక స్ప్రింగు తీశామో లేదో కరెంటు పోయింది. ట్యాంకులో ఉన్న గాలి కాసేపు కాసింది, ముల్లు దిగుతూ దిగుతూ సున్నా దగ్గరికొచ్చేసరికి వాల్వు చిన్నగా కిందకి జారింది. మా బామ్మర్ది మొహం చూడాలి, "అయిపోయింది బావా, హెడ్డు దించడమే" అన్నాడు. ఏటీ అవ్వలేదు, పిస్టన్ మీద ఆగింది, రబ్బరు బ్యాండు పైనుంది. టీ తాగొచ్చి కూర్చున్నాం. గంటన్నరైనా కరెంటు రాకపోతే రెండో సిలిండర్ తాడుతో చేసీశాం. గాలి లేనోళ్ళకి ఇది కూడా మంచి పద్ధతే. పిస్టన్ సగానికి దిగి ఉన్నప్పుడు ప్లగ్ కన్నంలోంచి వేలిలో సగం మందం నైలాన్ తాడు, చేపల వలలకి వాడే లాంటిది, పట్టినంత లోపలికి తోసీసి కొస బయట ముడేసి ఉంచాలి, తర్వాత హ్యాండిల్‌తో మెల్లగా పిస్టన్ పైకి తెస్తే తాడు ఉండ చుట్టుకుని వాల్వుల్ని కింద నుంచి నొక్కి పట్టుకుంటాది. తిరగనన్నప్పుడు ఆపీయాలి, బలం పెట్టకూడదు. కొబ్బరి తాడు పనికిరాదు, పీచు రాలుతాది. నైలాన్ కొస అగ్గిపుల్లతో కాల్చి మూసీండి. మూడోది అంటే అప్పటికే వాల్వు వదిలీసి ఉంది కాబట్టి తాడు పెట్టడానికి పిస్టన్ దించలేం, దించితే వాల్వు కూడా వెనకే దిగుతాది, అందుకని దాన్ని కదపకుండా వదిలీసి, రెండోది ముందు చేద్దామా అంటే రెండూ మూడూ కలిసి దిగుతాయి మరి. రబ్బరు బ్యాండుకి తోడు సన్న తీగ కట్టి వాల్వుని పైకి లాగి షాఫ్టుకి బిగించి, అప్పుడు తిప్పాం. చెప్పడం తేలిక, అప్పుడు మాత్రం చెమట్లు పట్టాయి. మీరైతే కరెంటు కోత టైము చూసుకుని మొదలెట్టండి.

బిగింపు. గుడ్డ ముక్కలు లెక్కపెట్టి తీయండి. పుష్ రాడ్లు వాటి వాటి కన్నాల్లో పెట్టి కింద టాపెట్ గిన్నెలో కూర్చున్నాయో లేదో చేత్తో తిప్పి చూడండి. ఉత్త షాఫ్టో పైపు ముక్కలో ముందులాగే నట్లన్నీ కొంచెం కొంచెంగా వదులు చేసి తీసీసి, అసలు రాకర్ షాఫ్టు పెట్టి, హెడ్డు నట్లన్నీ మధ్యలోంచి బయటికి, రెండు మూడు విడతలుగా, టార్క్ పానాతో మాన్యువల్లో ఇచ్చిన లెక్కకి బిగించండి, చేతి అంచనాకి వద్దు.

టాపెట్ గ్యాప్ 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. దీనికి తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు. రేడియేటర్ వైపు నుంచి వాల్వులకి 1 నుంచి 8 వరకూ నెంబర్లు అనుకోండి, 8 పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు 1 కి గ్యాప్ పెట్టాలి, 6 తెరిస్తే 3, 4 తెరిస్తే 5, 7 తెరిస్తే 2, అలాగే తిరగేసి కూడా, ఏ జత కలిపినా తొమ్మిదే. ఫీలర్ బిళ్ళ కొంచెం పట్టుతో జారాలి, లాగితే వేలాడకూడదు.

నీళ్ళు పోసి, ఆయిల్ చూసి, స్టార్ట్ చేస్తే మొదటి పది పదిహేను నిముషాలు పొగ బాగానే వస్తాది. కంగారుపడొద్దు, సైలెన్సర్లో మానిఫోల్డ్‌లో పట్టి ఉన్న పాత ఆయిల్ కాలాలి కదా. మా వీధిలో వాళ్ళు దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకున్నారు.

ఈ పని అన్ని బండ్లకీ కాదు. డీజిల్ అంబాసిడర్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలి పెట్టే దారీ కొలతలూ వేరు, దీన్ని చూసి అది ముట్టుకోవద్దు. మారుతి 800, ఓమ్నీల్లో క్యామ్ హెడ్డులోనే ఉంటాది, గాలి సూత్రం అదే గానీ విప్పే పద్ధతి పూర్తిగా వేరు. బైకులకైతే హెడ్డు దించడమే తేలిక, గాలి ఎందుకు.

500 కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ చల్లారనిచ్చి హెడ్డు నట్లు ఇంకోసారి టార్క్ చూసి, గ్యాప్‌లు మళ్ళీ కొలవండి, మాకు మూడు వాల్వులకి మారింది. మేం సిరిమాను అయిన ఆదివారమే సాలూరు మీదుగా సుంకి దాకా ఎక్కి దిగొచ్చాం, వెనక అద్దంలో పొగ లేదు, ఆ రెండు అరిగిన గైడ్ల వల్ల కాబోలు పొద్దున్నపూట మాత్రం ఇప్పటికీ చిన్న పుక్కిలింత పొగ వస్తోంది.